ఇంట్లో నాలుగు సిస్టంలు కలిపితే స్పీడు నాలుగింతలు అవుతుందా? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల పాత కంప్యూటర్లు తూకానికి వేసేయకుండా ఏమేం చేసుకోవచ్చో రాస్తూ, మధ్యలో "రెండు మూడు సిస్టంలు కేబుల్‌తో కలిపి ఒకే లెక్క అన్నింటి చేతా చేయించొచ్చు" అని ఒక్క లైను రాశాను, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఆ ఒక్క లైను మీదే. అందుకని ఈసారి మొత్తం దీనికే కేటాయిస్తున్నా. అన్ని ఉత్తరాలూ వేయలేను కాబట్టి ఒకే రకం ప్రశ్నల్లోంచి ఒక్కోటి తీసుకున్నా.

ప్రశ్న: సార్, మాది నరసరావుపేట, బీటెక్ ఫైనలియర్. నాన్నగారు నడిపిన ఇంటర్నెట్ సెంటర్ మూసేశాక నాలుగు డెస్క్‌టాప్‌లు ఇంట్లోనే ఉండిపోయాయి, నాలుగూ ఐ5 ప్రాసెసర్లవే, ఒక్కోదాంట్లో లెక్కలు చేసే కోర్లు నాలుగేసి, 8 జీబీ ర్యామ్. ప్రాజెక్టు కోసం లోహపు రేకుని చిన్న చిన్న గడుల గ్రిడ్‌గా విడగొట్టి, దాని మీద వేడి ఎలా పాకుతుందో లెక్కగట్టే సీ ప్రోగ్రాం రాశాను, చిన్న గ్రిడ్‌కి బాగానే ఉంది, పెద్దది ఇస్తే గంటలు గంటలు పడుతోంది. ఈ నాలుగింటినీ కలిపి ఒకే కంప్యూటర్ చేసేయొచ్చా? 32 జీబీ ర్యామ్, 16 కోర్లు వచ్చినట్టేనా? ఏం కొనాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: చేయొచ్చు బాబూ, నీ దగ్గర ఉన్న సరుకు దీనికి చక్కగా సరిపోతుంది, నాలుగూ ఒకే రకం సిస్టంలు కావడం ఇంకా మంచిది. కాకపోతే "ఒకే కంప్యూటర్" అనే ఊహ మాత్రం ముందే పక్కన పెట్టెయ్. నాలుగు 8 జీబీలు కలిసి 32 జీబీ అవ్వవు, ఏ సిస్టం ర్యామ్ ఆ సిస్టందే, పక్కదాని ర్యామ్‌లో ఏముందో కావాలంటే కేబుల్ మీద అడిగి తెప్పించుకోవాల్సిందే. ప్రోగ్రాం దానంతటదే నాలుగు చోట్లకీ పంచుకోదు, పంచే పని నువ్వే కోడ్‌లో రాయాలి. రాయకుండానే పనులు వాటంతటవే వేరే మెషీన్లకి పోయేలా చేద్దామని ఓపెన్‌మోసిక్స్ అని ఒకటి ఉండేది, అది 2008లోనే ఆగిపోయింది.

నువ్వు కట్టబోయేదాన్ని బేవుల్ఫ్ క్లస్టర్ అంటారు, క్లస్టర్ అంటే ఒకే పని మీద కలిసి పనిచేసే కంప్యూటర్ల గుంపు. 1994లో అమెరికాలో నాసా వాళ్ళ గొడార్డ్ సెంటర్లో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ అని ఇద్దరు, మామూలుగా దొరికే 486 డీఎక్స్4 ప్రాసెసర్లు పదహారు తీసుకుని, మామూలు ఈథర్‌నెట్ కేబుళ్ళతో కలిపి, లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం వేసి మొదటిది చేశారు. కోట్లు పోసి సూపర్ కంప్యూటర్ కొనక్కర్లేదు, బజార్లో దొరికే సామాన్లతోనే పెద్ద లెక్కలు చేయొచ్చని చూపించింది అదే. ఆ పదహారూ కలిపినా ఇప్పుడు నీ ఇంట్లో ఉన్న ఐ5లో ఒక్క కోర్‌కి కూడా దరిదాపుల్లోకి రావు, అయినా వాళ్ళు వాడిన పద్ధతే నీ నాలుగింటికీ పనికొస్తుంది.

కేబుళ్ళ జోలికి పోకముందు ఒకటి చెయ్. నీ ప్రోగ్రాం ఇప్పుడు నాలుగు కోర్లలో ఒక్కదాన్నే వాడుతూ ఉంటుంది, టాస్క్ మేనేజర్లో చూడు, ప్రాసెసర్ 25 శాతం దగ్గర ఆగిపోయి ఉంటే అదే సంగతి. కంపైల్ చేసేటప్పుడు ఆప్టిమైజేషన్ ఆన్ చెయ్, ఆ తర్వాత లూప్ మీద ఓపెన్ఎంపీ (ఒకే సిస్టంలోని కోర్లకి పని పంచేది) లైను ఒక్కటి పెట్టి, కంపైల్ చేసేటప్పుడు ఓపెన్ఎంపీ కూడా ఆన్ చెయ్, అంతే, నాలుగు కోర్లూ పనిలోకి దిగుతాయి. చాలామందికి ఇక్కడికే సరిపోతుంది, క్లస్టర్ అవసరం కూడా రాదు. కానీ నీ లెక్కకి ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది, వేడి లెక్కలో ప్రతి గడికీ చేసే కూడికలు చాలా తక్కువ, ర్యామ్ నుంచి తెచ్చుకునే డేటా మాత్రం బోలెడు, అందుకని నాలుగు కోర్లూ ఒకే ర్యామ్ దగ్గర క్యూ కట్టి నాలుగింతలు రావాల్సింది రెండింతల దగ్గరే ఆగిపోవచ్చు. నాలుగు సిస్టంలు అయితే ర్యామ్ దారులు కూడా నాలుగు వేరువేరు, ఎవరి క్యూ వాళ్ళదే. కాబట్టి నీ ప్రాజెక్టుకి క్లస్టర్ నిజంగానే పనికొస్తుంది, ఊరికే హంగు కోసం కాదు.

ఇప్పుడు అసలు లెక్క చూద్దాం, ఇది అర్థమైతే మిగతాదంతా సులువు. గ్రిడ్ 4000 అడ్డం 4000 నిలువు అనుకో. కోటీ అరవై లక్షల గడులు, ఒక్కోటి 8 బైట్లు, మొత్తం 128 ఎంబీ. ఒక సిస్టం ఒక్క స్టెప్పు, అంటే గడులన్నింటినీ ఒకసారి లెక్కగట్టడం, పూర్తి చేయడానికి సుమారు 20, 25 మిల్లీసెకన్లు పడుతుంది అనుకుందాం. నాలుగు పట్టీలుగా కోసి ఒక్కోటి ఒక్కో సిస్టంకి ఇస్తే తలా 6 మిల్లీసెకన్లు. కానీ పట్టీ అంచున ఉన్న గడికి పక్క పట్టీలో గడి వేడి ఎంతో తెలియాలి కదా, అందుకని ప్రతి స్టెప్పు తర్వాత ప్రతి సిస్టం తన అంచు వరసని పక్కదానికి పంపాలి. ఒక వరస 4000 గడులు, అంటే 32 కేబీ, మధ్యలో ఉన్న సిస్టం రెండు పక్కలకీ పంపాలి కాబట్టి 64 కేబీ. గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) కేబుల్ మీద అది అర మిల్లీసెకనులో పోతుంది. ఆరు మిల్లీసెకన్ల పనికి అర మిల్లీసెకను కబుర్లు, బ్రహ్మాండం, మూడున్నర ఇంతల స్పీడు వచ్చే అవకాశం ఉంది. అదే 100 ఎంబీపీఎస్ పాత స్విచ్ (కేబుళ్ళన్నీ కలిపే నెట్‌వర్క్ పెట్టె) అయితే ఆ 64 కేబీకే 5 మిల్లీసెకన్లు, పని ఎంతసేపో కబుర్లూ అంతసేపే, స్పీడు రెండింతలకి పడిపోతుంది. ఇక గ్రిడ్ 200 అడ్డం 200 అనుకో, మొత్తం లెక్క ఒక్క సిస్టం క్యాష్‌లోనే (ప్రాసెసర్ లోపలి చిన్న, వేగమైన మెమరీ) పట్టి ఒక స్టెప్పు 30, 40 మైక్రోసెకన్లలో అయిపోతుంది, పక్క మెషీన్‌కి ఒక మెసేజ్ పోవడానికే 100 మైక్రోసెకన్ల పైన పడుతుంది, అంటే నాలుగు కలిపితే ఒక్కదానికంటే నెమ్మది అవుతుంది! చాలామంది చిన్న గ్రిడ్‌తో ట్రై చేసి "క్లస్టర్ దండగ" అని వదిలేసేది ఇక్కడే. పెద్ద పట్టీలు, తక్కువ కబుర్లు, ఇదొక్కటి గుర్తుంటే చాలు.

కొనాల్సింది చాలా తక్కువ. ఐదు పోర్టుల గిగాబిట్ స్విచ్ ఒకటి, క్యాట్5ఈ గానీ క్యాట్6 గానీ రెడీమేడ్ కేబుళ్ళు ఐదు, నాలుగు సిస్టంలకి, ఒకటి స్విచ్ నుంచి రౌటర్‌కి. వైఫై వద్దు, ఎంత ఖరీదైన రౌటర్ అయినా వద్దు, వైఫైలో ఒక మెసేజ్ ఒకసారి 2 మిల్లీసెకన్లు ఒకసారి 20 మిల్లీసెకన్లు పడుతుంది, నీ లెక్కలో ఒక్కళ్ళు లేటైతే నలుగురూ ఆగాలి. నెట్ సెంటర్లో మిగిలిన పాత కేబుళ్ళు ఉంటాయి నీ దగ్గర, వాటిని వాడేముందు రెండు చివర్లూ వెలుతురులో పెట్టి ప్లాస్టిక్ కనెక్టర్ లోపల ఎన్ని రంగుల వైర్లు ఉన్నాయో చూడు. మన ఊళ్ళలో కేబుల్ వేసేవాళ్ళు చాలాచోట్ల నాలుగు వైర్లే క్రింప్ చేసి మిగతా నాలుగూ వెనక్కి మడిచేస్తారు, ఇంటర్నెట్‌కి అది సరిపోయేది కాబట్టి ఎవరికీ తేడా తెలిసేది కాదు. గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి, నాలుగే ఉంటే చడీచప్పుడు లేకుండా 100 ఎంబీపీఎస్‌కి దిగిపోతుంది, ఎర్రర్ ఏమీ చూపించదు. లైనక్స్‌లో ఈథ్‌టూల్ అనే కమాండ్ కొడితే స్పీడ్ అన్న చోట 1000 ఉందో 100 ఉందో కనపడుతుంది, నాలుగు సిస్టంల్లోనూ చూడు. తర్వాత ఐపెర్ఫ్3 పెట్టి రెండేసి సిస్టంల మధ్య స్పీడు కొలిచి చూడు, 900 ఎంబీపీఎస్ పైన వస్తే కేబుల్ సంగతి మర్చిపోవచ్చు.

సాఫ్ట్‌వేర్ సంగతి. నాలుగింట్లోనూ ఒకే వెర్షన్ ఉబుంటు లైనక్స్ వెయ్, నాలుగింట్లోనూ ఒకే యూజర్ నేమ్ పెట్టు, ఇది తేడాగా పెట్టి తర్వాత తిప్పలు పడేవాళ్ళు చాలామంది. రౌటర్లోకి వెళ్ళి ప్రతి సిస్టంకీ ఐపీ అడ్రస్ మారకుండా రిజర్వ్ చెయ్, 192.168.1.11 నుంచి 14 దాకా అనుకో, ఆ నాలుగు అడ్రసులకీ పేర్లు పెట్టి ఈటీసీ ఫోల్డర్లో ఉన్న హోస్ట్స్ ఫైల్లో అన్నింట్లోనూ రాసెయ్. మొదటి సిస్టం నుంచి మిగతా మూడింటికీ పాస్‌వర్డ్ అడక్కుండా ఎస్ఎస్‌హెచ్ (ఒక సిస్టం నుంచి ఇంకోదాంట్లోకి లాగిన్ అయ్యే పద్ధతి) అవ్వాలి, దానికి ఒకసారి కీ తయారు చేసి మూడింటికీ కాపీ చేస్తే చాలు. తర్వాత ఓపెన్ ఎంపీఐ ఇన్‌స్టాల్ చెయ్, ఎంపీఐ అంటే సిస్టంల మధ్య మెసేజ్‌లు పంపించే పద్ధతి, పని పంచే కోడ్ దీంతోనే రాస్తావు, పైన చెప్పిన ఓపెన్ఎంపీ వేరు. నాలుగింట్లోనూ అదే వెర్షన్, ఇది తేడా వస్తే వచ్చే ఎర్రర్లు చదివినా అర్థం కావు. చివరగా మొదటి సిస్టంలో ఒక ఫోల్డర్ ఎన్ఎఫ్ఎస్ ద్వారా మిగతావాటికి షేర్ చేసి, ప్రోగ్రాం అందులోనే కంపైల్ చెయ్, లేకపోతే కోడ్‌లో ఒక్క అక్షరం మార్చిన ప్రతిసారీ మూడు చోట్లకీ కాపీ చేసుకుంటూ కూర్చోవాలి.

ఇప్పుడు ఒక టెక్స్ట్ ఫైల్లో నాలుగు పేర్లూ లైనుకి ఒకటి రాసి, ప్రతి పేరు పక్కన స్లాట్స్=4 అని పెట్టు, ఒక్కో సిస్టంలో నాలుగు నడపొచ్చని చెప్పడం అది. నీ ప్రోగ్రాం నడపకముందు ఎంపీఐరన్‌తో (అన్ని సిస్టంల్లోనూ ప్రోగ్రాం మొదలుపెట్టే కమాండ్) ఊరికే హోస్ట్‌నేమ్ కమాండ్ నడుపు, అది సిస్టం పేరు చెప్తుంది. స్క్రీన్ మీద పదహారు లైన్లు రావాలి, ఒక్కో సిస్టం పేరు నాలుగేసి సార్లు, వరస కలగాపులగంగా ఉంటుంది, పర్లేదు. ఆ పదహారు లైన్లు కనపడ్డాయంటే నీ ఇంట్లో క్లస్టర్ ఉన్నట్టే.

కోడ్ విషయంలో రెండే మాటలు. మొదటిది, ప్రతి స్టెప్పుకీ రిజల్ట్ ఫైల్లో రాయకు, వెయ్యి స్టెప్పులకొకసారి చాలు. ఫైలు రాసే పని ఒక్క సిస్టమే చేస్తుంది, ఆ టైంలో మిగతా మూడూ ఖాళీగా ఉంటాయి. 1967లో జీన్ ఆమ్‌డాల్ చెప్పిన లెక్క ఇదే, మొత్తం పనిలో పది శాతం ఒక్కళ్ళే చేయాల్సింది ఉంటే నాలుగు మెషీన్లతో వచ్చేది మూడింతలే, వెయ్యి మెషీన్లు పెట్టినా పదింతలు దాటదు. రెండోది, అంచు వరసలు పంపడం మొదలుపెట్టి, అవి చేరేలోపు ఊరికే కూర్చోకుండా పట్టీ మధ్యలో గడులు లెక్కపెట్టించు, అంచు గడులు ఆఖర్న చెయ్, దీనికి ఎంపీఐలో ఆగకుండా పంపే, ఆగకుండా అందుకునే ఫంక్షన్లు వేరే ఉన్నాయి. వైవాలో దీని గురించి అడక్కపోయినా నువ్వే చెప్పు. ఒక సిస్టంతో ఎంత, రెండింటితో ఎంత, నాలుగింటితో ఎంత అని గ్రిడ్ సైజులు మారుస్తూ కొలిచి గ్రాఫ్ గీస్తే నీ ప్రాజెక్ట్ రిపోర్టులో అసలైన చాప్టర్ అదే అవుతుంది. ఇంకోటి, ఐఐటీ హైదరాబాద్‌లో పరమ్ సేవా అని సూపర్ కంప్యూటర్ ఉంది, అలాంటివాటి మీద నడిచేదీ ఎంపీఐ ప్రోగ్రాములే. నీ ఇంట్లో రాసిన కోడ్ పెద్దగా మార్చక్కర్లేకుండా అలాంటి చోట నడుస్తుంది, రేపు ఎక్కడైనా రీసెర్చ్‌కి వెళ్తే ఈ పని నేరుగా అక్కరకొస్తుంది.

ప్రశ్న: వరంగల్ నుంచి రాస్తున్న. మీరు పోయిన నెల రాసింది చూసి రెండు ల్యాప్‌టాప్‌ల ఎంపీఐ పెట్టిన. ఎస్ఎస్‌హెచ్ అవుతుంది, హోస్ట్‌నేమ్ టెస్ట్ కూడా వస్తుంది. కానీ అసలు ప్రోగ్రాం రెండు మెషీన్ల మీద నడిపిస్తే ఊకే ఆగిపోతుంది, ఎర్రర్ లేదు ఏం లేదు, కర్సర్ కొట్టుకుంటనే ఉంటది. ఒక్క మెషీన్ మీద మస్తు నడుస్తుంది.

జవాబు: ఇది అందరికీ వచ్చేదే అన్నా, మీ కోడ్ తప్పు కాకపోవచ్చు. హోస్ట్‌నేమ్ టెస్ట్‌లో మెషీన్లు ఒకదాంతో ఒకటి మాట్లాడుకోవు, ప్రోగ్రాం స్టార్ట్ అయ్యి పేరు చెప్పి పోతుంది అంతే, అందుకే అది పాసవుతుంది. అసలు ప్రోగ్రాం మొదటి మెసేజ్ పంపగానే ఆగిపోతోందంటే దారి ఎక్కడో మూసుకుపోయింది.

మొదట ఫైర్‌వాల్ చూడండి. ఎస్ఎస్‌హెచ్‌కి 22 పోర్టు ఒక్కటి తెరిస్తే చాలు, ఎంపీఐ అలా కాదు, ఏ పోర్టు ఖాళీగా ఉంటే అది తీసుకుంటుంది. కాబట్టి మీ ఇంటి నెట్‌వర్క్ లోపలి అడ్రసుల నుంచి వచ్చేదంతా రెండు మెషీన్లలోనూ అనుమతించండి. ఫైర్‌వాల్ మొత్తం తీసేయమని ఎవరైనా చెప్తే వినొద్దు.

అప్పటికీ ఆగిపోతే, ఆ ల్యాప్‌టాప్‌ల్లో డాకర్ (ప్రోగ్రాములని విడివిడి పెట్టెల్లో పెట్టినట్టు నడిపే సాఫ్ట్‌వేర్) గానీ వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేర్ గానీ ఉందా? ఉంటే ఎక్కువగా దొంగ అదే. డాకర్ ఇన్‌స్టాల్ అయిన ప్రతి మెషీన్లోనూ ఒక నకిలీ నెట్‌వర్క్ కార్డు తయారవుతుంది, మామూలుగా రెండు మెషీన్లలోనూ దానికి ఒకే అడ్రస్ ఉంటుంది, 172.17.0.1. ఓపెన్ ఎంపీఐ కనపడిన కార్డులన్నీ చూసి "ఓహో ఇద్దరికీ ఈ నెట్‌వర్క్ ఉంది కదా" అనుకుని ఆ దారిన మెసేజ్ పంపుతుంది, అది పక్క మెషీన్‌కి పోకుండా తన ఇంట్లోనే తిరుగుతుంది. ఎంపీఐరన్‌కి ఒక ఆప్షన్ ఉంది, టీసీపీకి ఫలానా నెట్‌వర్క్ మాత్రమే వాడు అని చెప్పేది, బీటీఎల్ టీసీపీ ఇఫ్ ఇంక్లూడ్ అని వెతకండి, దానికి మీ 192.168 నెట్‌వర్క్ ఇవ్వండి. చాలామందికి ఇక్కడే లైన్ క్లియర్ అవుతుంది.

మూడోది ఉబుంటు వాళ్ళకి ప్రత్యేకం. హోస్ట్స్ ఫైల్లో మీ మెషీన్ పేరు ఎదురుగా 127.0.1.1 అని ఒక లైను ఇన్‌స్టాలేషన్ టైంలోనే పడుతుంది. "నేను ఎక్కడున్నాను" అని అడిగితే మెషీన్ ఆ అడ్రసే చెప్తుంది, పక్క మెషీన్ ఆ అడ్రస్ పట్టుకుని వెతికితే తన దగ్గరికే తను వస్తుంది. ఆ లైను తీసి అసలు ఐపీ రాయండి. విండోస్ లోపలే లైనక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్‌లో నడుపుతున్నట్టయితే మాత్రం ఇవేవీ చాలవు, దాని నెట్‌వర్క్ మామూలుగా విండోస్ వెనకాల దాగి ఉంటుంది, బయటి మెషీన్‌కి నేరుగా కనపడదు, దానికంటే నేరుగా లైనక్స్ వేసుకోవడం హాయి.

ప్రశ్న: భీమవరంలో మాకు ఫొటో స్టూడియో ఉందండి. మూడు సిస్టంలు ఉన్నాయి, రెండు ఒకే రకం, మూడోది బాగా పాతది. పెళ్ళి వీడియోలకి త్రీడీ టైటిల్స్ బ్లెండర్‌లో చేస్తాం, రెండర్ పెడితే రాత్రంతా పడుతుంది, పెళ్ళిళ్ళ సీజన్లో డెలివరీలు ఆగిపోతున్నాయండి. మూడూ కలిపితే ఉపయోగం ఉంటుందా? మాకు ప్రోగ్రామింగ్ రాదు.

జవాబు: ఈ నెల ఉత్తరాలన్నింటిలో క్లస్టర్ వల్ల అందరికంటే ఎక్కువ లాభపడేది మీరేనండి, ప్రోగ్రామింగ్ ముక్క కూడా అక్కర్లేదు. యానిమేషన్లో ఒక ఫ్రేముకీ ఇంకో ఫ్రేముకీ రెండర్‌లో, అంటే ఫ్రేముని బొమ్మగా తయారుచేసే పనిలో, సంబంధం ఉండదు, పదో ఫ్రేం చేసే సిస్టం పదకొండోది చేసే సిస్టంని ఏమీ అడగక్కర్లేదు. ఎడ్లు ఎవరివి వాళ్ళకి ఉండి పొలంలో ఎవరి చెక్క వాళ్ళు దున్నుకున్నట్టే, పిలుపులూ కేకలూ లేవు. అందుకని మీకు ఎంపీఐ వద్దు, పైన రాసిందంతా వదిలేయండి.

ముందు ఈ లెక్క చూడండి. 10 సెకన్ల టైటిల్, సెకనుకి 25 ఫ్రేములు, మొత్తం 250. మంచి సిస్టం ఒక ఫ్రేముకి 3 నిమిషాలు తీసుకుంటే ఒక్కదానితో పన్నెండున్నర గంటలు. పాతది ఫ్రేముకి 6 నిమిషాలు అనుకోండి. మూడింటికీ సమానంగా 83, 83, 84 అని పంచితే మంచి సిస్టంలు నాలుగు గంటల్లో అవగొట్టి ఖాళీగా కూర్చుంటాయి, పాతది ఎనిమిదిన్నర గంటలు నడుస్తూనే ఉంటుంది. అలా కాకుండా ఎవరికి ఖాళీ అయితే వాళ్ళు తర్వాతి ఫ్రేం తీసుకునేలా పెడితే మొత్తం ఐదు గంటల్లో అయిపోతుంది. సిస్టంలు అవే, పంచే తీరు మారినందుకే మూడున్నర గంటలు మిగిలాయి.

దీనికి బ్లెండర్ లోపలే దారి ఉంది. ఒక సిస్టంలో ఫోల్డర్ షేర్ చేసి, బ్లెండర్ ఫైలు, టెక్స్చర్లు, ఫాంట్లు అన్నీ అందులో పెట్టండి, బొమ్మలు సేవ్ అయ్యేది కూడా అందులోనే. అవుట్‌పుట్ సెట్టింగ్స్‌లో ఓవర్‌రైట్ టిక్ తీసేయండి, ప్లేస్‌హోల్డర్స్ టిక్ పెట్టండి. అవుట్‌పుట్ వీడియో ఫైలు కాకుండా పీఎన్‌జీ బొమ్మలుగా ఉండాలి, ఇది మర్చిపోవద్దు. ఇప్పుడు మూడు సిస్టంల్లోనూ అదే ఫైలు తెరిచి మూడింట్లోనూ రెండర్ యానిమేషన్ నొక్కండి. ఒక సిస్టం ఫ్రేం మొదలుపెట్టగానే ఆ నంబరుతో ఖాళీ ఫైలు పెడుతుంది, మిగతావి ఆ నంబరు చూసి "ఇది ఎవరో తీసుకున్నారు" అని తర్వాతిదానికి పోతాయి. మధ్యలో కరెంటు పోయి ఏదైనా సిస్టం ఆగిపోతే జీరో సైజు ఫైళ్ళు మిగిలిపోతాయి, వాటిని వెతికి డిలీట్ చేసి మళ్ళీ రెండర్ నొక్కితే ఆ ఫ్రేములు మాత్రమే చేస్తుంది. మూడింట్లోనూ బ్లెండర్ వెర్షన్ ఒకటే ఉండాలి, లేకపోతే వెలుతురు, నీడల్లో తేడా వచ్చి వీడియో అదురుతున్నట్టు కనపడొచ్చు. గ్రాఫిక్స్ కార్డులు కూడా వేరువేరైతే ముందు రెండు మూడు ఫ్రేములు అన్నింట్లోనూ తీసి పక్కపక్కన పెట్టి చూసుకోండి. పని ఇంకా పెరిగితే బ్లెండర్ వాళ్ళదే ఫ్లమెంకో అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఒక సిస్టం మేనేజర్‌గా ఉండి మిగతావాటికి పని పంచుతుంది.

మామూలు పెళ్ళి వీడియో ఎడిటింగ్ ఎక్స్‌పోర్ట్ మాత్రం ఇలా ముక్కలు చేయడం అంత తేలిక కాదండి, దానికి నా సలహా, ఒక పెళ్ళి ఒక సిస్టంలో, ఇంకో పెళ్ళి ఇంకో సిస్టంలో పెట్టేయడమే.

ప్రశ్న: నమస్తే అండి, కూకట్‌పల్లి నుంచి రాస్తున్నాను. మా అబ్బాయి మీ శీర్షిక చదివి నాలుగు పాత కంప్యూటర్లు తెచ్చి గదిలో పెట్టాడు, రాత్రంతా నడుస్తూనే ఉంటాయి. కరెంటు బిల్లు చూస్తే గుండె ఆగినంత పనైంది. ఇవి రాత్రంతా పెట్టడం ప్రమాదం కాదా?

జవాబు: అమ్మా, మీ ఆందోళన సబబే. పాత డెస్క్‌టాప్ పూర్తి పనిలో ఉన్నప్పుడు మానిటర్ కాకుండా ఒక 80 వాట్లు తీసుకుంటుందనుకుందాం, నాలుగింటికి 320. రాత్రి పది గంటలు నడిస్తే 3.2 యూనిట్లు, నెలంతా అలాగే నడిస్తే 96 యూనిట్లు. ఆ యూనిట్లు విడిగా కాకుండా మీ ఇంటి వాడకం మీద పడి పై స్లాబ్‌లోకి తోస్తాయి, కాబట్టి వాటికి పడే రేటు మీ మామూలు రేటు కంటే ఎక్కువే ఉంటుంది, బిల్లు అంత పెరగడానికి కారణం అదే.

అబ్బాయిని మాత్రం మానేయమనకండి, నేర్చుకుంటున్నది మంచి విద్య. రాత్రంతా నిజంగా లెక్క నడుస్తోందా, లేక లెక్క రెండింటికే అయిపోయి తెల్లారేదాకా ఊరికే ఆన్‌లో ఉంటున్నాయా అని అడగండి. పని అవ్వగానే షట్‌డౌన్ అయ్యేలా ఒక్క కమాండ్ చివర్న పెట్టొచ్చు, మళ్ళీ కావాలన్నప్పుడు మొదటి సిస్టం నుంచే మిగతావాటిని లేపడానికి వేక్ ఆన్ ల్యాన్ అని బయోస్‌లో సెట్టింగ్ ఉంటుంది. మానిటర్ ఒక్కదానికే ఉంటే చాలు. ప్రోగ్రాం రాసి సరిచూసుకునేంతవరకు రెండు సిస్టంలు చాలు, నాలుగూ కలిపి కొలిచే రోజు నాలుగూ వేసుకోవచ్చు.

ప్రమాదం గురించి. 320 వాట్లు అంటే ఇస్త్రీ పెట్టె కంటే తక్కువ, లోడు సమస్య కాదు. భయపడాల్సింది లూజుగా ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సు, ఎర్తింగ్ లేని ప్లగ్గు, దుమ్ము పట్టి ఫ్యాన్ తిరగని ఎస్ఎంపీఎస్ (క్యాబినెట్ లోపల కరెంటు సరఫరా చేసే పెట్టె). క్యాబినెట్లు తెరిచి దుమ్ము దులిపించండి, గోడకి ఆనించకుండా గాలి ఆడేలా పెట్టించండి, పరుపు పక్కన, కర్టెన్ల కింద వద్దు. గంట నడిచాక ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూస్తే వెచ్చగా తగిలితే ఆ బాక్సు మార్చేయాలి. ఇంకోటి అబ్బాయికి చెప్పండి, కరెంటు పోతే రాత్రి పడ్డ కష్టమంతా పోకుండా అరగంటకొకసారి లెక్క ఎక్కడిదాకా వచ్చిందో డిస్క్‌లో రాసుకునేలా ప్రోగ్రాం మార్చుకోమనండి. అప్పుడు నాలుగింటికీ యూపీఎస్ కొనమని మిమ్మల్ని అడగక్కర్లేదు.

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాం. ఇంట్లో 16 జీబీ ల్యాప్‌టాప్‌లు రెండు, 32 జీబీ డెస్క్‌టాప్ ఒకటి ఉన్నాయి, గ్రాఫిక్స్ కార్డులు చెప్పుకోదగ్గవి లేవు. మూడూ కలిపి 70 బిలియన్ పారామీటర్ల ఏఐ మోడల్ ఇంట్లోనే నడపాలని ఉంది, ప్రైవసీ కోసం. కుదురుతుందా?

జవాబు: కుదురుతుంది, కానీ వాడబుద్ధి కాదు. 70 బిలియన్ మోడల్‌లో ఒక్కో పారామీటర్‌ని, అంటే మోడల్ లోపల ఉండే సంఖ్యని, 4 బిట్లకి కుదించినా 40 జీబీ దాకా ఉంటుంది, ఏ ఒక్క సిస్టంలోనూ పట్టదు, ఇంటి కంప్యూటర్లలో ఏఐ మోడల్స్ నడిపే లామా సీపీపీలో ఆర్పీసీ సర్వర్ అని ఒకటి ఉంది, దాంతో మోడల్ పొరలని మూడు సిస్టంలకీ పంచొచ్చు. ర్యామ్ కలవదని పైన నరసరావుపేట అబ్బాయికి చెప్పాను కదా, ఇక్కడ కూడా కలవట్లేదు, ఎవరి పొరలు వాళ్ళ ర్యామ్‌లోనే ఉంటాయి, పంచే పని ఈ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళు మీ తరఫున చేసి పెట్టారు.

స్పీడు మాత్రం పెరగదు. జవాబులో ఒక్కో టోకెన్ (పదం గానీ పదం ముక్క గానీ) రావాలంటే మొదటి సిస్టం తన పొరలు పూర్తి చేసి రెండోదానికి ఇవ్వాలి, అది మూడోదానికి, అంటే ఎప్పుడు చూసినా ఒక్కటే పనిచేస్తుంది, రెండు ఎదురు చూస్తుంటాయి. పైగా ప్రతి టోకెన్‌కీ ఆ 40 జీబీ మొత్తం ర్యామ్ నుంచి చదవాలి, మామూలు ర్యామ్ సెకనుకి 40, 50 జీబీ ఇస్తుంది కాబట్టి సెకనుకి ఒక టోకెన్ దగ్గర ఆగుతుంది. పేరా జవాబుకి రెండు మూడు నిమిషాలు. ప్రైవసీయే మీ ఉద్దేశం అయితే 8 బిలియన్ మోడల్ 5 జీబీలో పడుతుంది, డెస్క్‌టాప్ ఒక్కదాంట్లోనే హాయిగా నడుస్తుంది, ముందు అది వాడి చూసి చాలదనిపిస్తే అప్పుడు ఆలోచించండి. ఒకవేళ ఆర్పీసీ ట్రై చేసినా ఇంటి నెట్‌వర్క్ దాటి బయటికి తెరవొద్దు, దానికి పాస్‌వర్డ్ లాంటి రక్షణ ఏమీ లేదు, దాన్ని తయారుచేసినవాళ్ళే ఆ హెచ్చరిక రాశారు.

ప్రశ్న: రాజమండ్రి నుంచి రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్ని. చాలా ఏళ్ళ క్రితం గ్రహాంతర సంకేతాలు వెతికే సెటీ ఎట్ హోం ప్రోగ్రాం మా ఇంటి కంప్యూటర్లో నడిపేవాణ్ణి, స్క్రీన్ మీద రంగుల గ్రాఫులు కదులుతుంటే మనవలు చూసేవారు. అది ఆగిపోయిందని విన్నాను. ఇప్పుడు అలాంటివి ఏమైనా ఉన్నాయా? నాకు సొంతంగా క్లస్టర్ కట్టే ఓపిక లేదు.

జవాబు: మాస్టారూ, నమస్కారం. మీరు విన్నది నిజమే, 1999 మే నెలలో మొదలైన సెటీ ఎట్ హోం 2020 మార్చిలో ఇళ్ళకి కొత్త పని పంపడం ఆపేసింది. అది నడిచిన బోయింక్ అనే సాఫ్ట్‌వేర్ మాత్రం ఉంది, బర్క్‌లీ యూనివర్సిటీలో పుట్టింది, దాని మీద ఇంకా చాలా ప్రాజెక్టులు నడుస్తున్నాయి. ఇది కూడా ప్యారలల్ కంప్యూటింగే, అంటే ఒక పనిని ముక్కలు చేసి చాలా కంప్యూటర్లతో ఒకేసారి చేయించడమే, పైన స్టూడియో వాళ్ళ ఫ్రేముల్లాగా ముక్కకీ ముక్కకీ సంబంధం లేని పనులు కాబట్టే ప్రపంచం నలుమూలలా ఇళ్ళలో ఉన్న కంప్యూటర్లకి పంచగలుగుతున్నారు, కనెక్షన్ నెమ్మదిగా ఉన్నా ఇబ్బంది లేదు.

మీరు ఫిజిక్స్ వారు కాబట్టి ఐన్‌స్టీన్ ఎట్ హోం చూడండి. గురుత్వ తరంగాల కోసం వాటి డిటెక్టర్ల డేటా, పల్సార్ల (వేగంగా తిరుగుతూ క్రమం తప్పకుండా సంకేతాలు పంపే మృత నక్షత్రాలు) కోసం టెలిస్కోపుల డేటా జల్లెడ పడుతుంది. 2010లో అమెరికాలో అయోవా దంపతులవి, జర్మనీలో ఇంకొకరివి, మామూలు ఇంటి కంప్యూటర్లే అరెసిబో టెలిస్కోప్ డేటాలోంచి ఒక కొత్త పల్సార్‌ని పట్టుకున్నాయి, పరిశోధన పత్రంలో వాళ్ళకి ఆ ఘనత ఇచ్చారు. ప్రొటీన్ల మీద ఆసక్తి ఉంటే రోజెట్టా ఎట్ హోం ఉంది, 2024లో కెమిస్ట్రీ నోబెల్ అందుకున్న డేవిడ్ బేకర్ ల్యాబ్‌లో మొదలైనది. బోయింక్‌తో సంబంధం లేకుండా విడిగా నడిచేది ఫోల్డింగ్ ఎట్ హోం, 2020లో కోవిడ్ వచ్చినప్పుడు జనం పోటెత్తి చేరడంతో అప్పటి అతిపెద్ద సూపర్ కంప్యూటర్ని మించిపోయింది.

పెట్టుకోవడం తేలిక. బోయింక్ ఇన్‌స్టాల్ చేసి, లిస్టులో ప్రాజెక్ట్ ఎంచుకుని, ఈమెయిల్ ఇస్తే చాలు. తర్వాత కంప్యూటింగ్ ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్ళి ప్రాసెసర్ 50 శాతమే వాడమని, మీరు పని చేసుకుంటున్నప్పుడు ఆగమని, ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ మీద ఉన్నప్పుడు నడవొద్దని టిక్కులు పెట్టండి. ఎండాకాలం రాజమండ్రిలో మధ్యాహ్నాలు మాత్రం ఆపేసి, రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు వరకే నడిచేలా టైము కూడా అక్కడే పెట్టుకోవచ్చు. ఐన్‌స్టీన్ ఎట్ హోంకి కూడా స్క్రీన్‌సేవర్ ఉందండి, నక్షత్రాల గోళం తిరుగుతూ తెలిసిన పల్సార్లు ఎక్కడున్నాయో, ఇప్పుడు మీ కంప్యూటర్ ఆకాశంలో ఏ మూల వెతుకుతోందో చూపిస్తుంది.